గాజువాక ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: నిలబడి ఉండే మా పద్మిని కారుకు దొరికిన మంచి చెయ్యి

ఈ కారు రిపేరు షెడ్డుకు బోర్డు లేదు. రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, గోడకు ఆనించిన రెండు పాత కారు డోర్లు. అవే గుర్తు. రెండేళ్ళ పైచిలుకుగా మా నాన్న 1984లో కొన్న ప్రీమియర్ పద్మినిని విశాఖ పెదవాల్తేరు నుంచి ఊరంతా దాటించి గాజువాక ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకే తీసుకెళ్తున్నాను. పాత కారు ఇంట్లో ఉండి, నెలకు ఒకటి రెండుసార్లకు మించి బయటికి తీయలేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రోజూ తిరిగే కారుకు మెకానిక్ వీధికొకరు దొరుకుతారు. నిలబడి ఉండే కారు జబ్బులు వేరు. బ్యాటరీ దిగిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి, ఎలుకలు చేరతాయి. వీటన్నిటి మీద మన ఊరి ఉప్పుగాలి. ఇవి వచ్చాక బాగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. రాకుండా చూసేవాళ్ళు నాకు ఈ ఒక్క చోటే దొరికారు.

ముందు బండి గురించి కొంచెం చెప్పాలి. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో రంగుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పద్మిని బుక్ చేసి, దాని కోసం ఏళ్ళు ఎదురుచూసిన తరం ఆయనది. ఆ యార్డును విశాఖలో సింధియా షిప్‌యార్డు పేరుతో 1941లో మొదలుపెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ గారే 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కూడా పెట్టారు. "నాకు జీతమిచ్చిన యార్డూ, నేను కొన్న కారూ ఒకే మనిషి తలపెట్టినవి" అని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ నాన్న చెప్పేవారు. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 డిలైట్‌ను బొంబాయి కుర్లాలో తయారుచేసి, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్మారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు, ముందు కూడా బెంచీ లాంటి సీటు. కొన్న రోజున ఆశీలుమెట్టలో సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ చేయించి, నన్ను ముందు సీట్లో అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీని మీదే.

తుప్పు విషయంలో నాన్నది యార్డు చదువు. "తుప్పు మీద రంగేస్తే తుప్పు దాక్కుంటుంది, ఆగదు" అనేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పోర్టికోలోకి సముద్రపు నీళ్ళ జల్లు కొట్టింది. మర్నాటికి వీధంతా చెట్లు పడి ఉన్నాయి, కరెంటు లేదు, కుళాయి లేదు. నాన్న బావిలోంచి చేదతో నీళ్ళు తోడి, మొదట కారు అడుగు కడిగారు. అమ్మ కోప్పడింది. ఉప్పు ఆరితే లోపలికి దిగిపోతుంది, తడిగా ఉన్నప్పుడే కడిగేయాలి అన్నారాయన. ఆ రోజు ఆయన చేసిన పని విలువ నాకు తొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బండి ఆగింది. మరుసటి ఏడాది నాన్న పోయారు. ఆ తర్వాత దాని తలుపు తీయడానికే నాకు మనసు రాలేదు. 2023లో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గానీ కవరు తీయలేదు. అప్పటికి మూడేళ్ళు కదలకుండా ఉంది.

దగ్గరలో ఉందని మొదట ఒక చోట ఇచ్చాను. పేరు చెప్పను. వాళ్ళు వచ్చి, వేరే బ్యాటరీ తగిలించి, అప్పటికప్పుడే సెల్ఫ్ కొట్టి ఇంజను స్టార్ట్ చేసేశారు. నాకూ ఆనందంగానే అనిపించింది. తర్వాత కారు అడుగున నల్లటి కోటింగు కొట్టి, తుప్పు సమస్య ఇక లేదన్నారు. చూడటానికి కొత్తదానిలా ఉంది. ఒక వర్షాకాలం గడిచేసరికి ఆ కోటింగు బొబ్బలు కట్టింది. వేలితో నొక్కితే కింద రేకు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కోటింగు వేసేముందు తుప్పు గీకలేదు. లోపల చిక్కుకున్న తడి బయటికి రాలేక రేకును తినేసింది. ట్యాంకులో మూడేళ్ళ నాటి పెట్రోలు మీదే కొత్త పెట్రోలు పోశారు. దాంతో చెత్త వచ్చి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌లో అడ్డుపడి, మద్దిలపాలెం జంక్షన్‌లో బండి ఆగిపోయింది. ఆటోల హారన్ల మధ్య ఒంటరిగా బండి తోయలేక నిలబడ్డప్పుడు పడిన టెన్షన్ ఇంకా మరచిపోలేదు. నాన్న చెప్పిన మాట తెలిసి ఉండి కూడా, కారును లిఫ్ట్ చేయించి అడుగు చూడలేదు. ఆ బాధ నాకుంది.

మళ్ళీ మూడు నెలలు బండి ఇంట్లోనే ఉంది. నాన్నతో యార్డులో పనిచేసిన ఒక పెద్దాయన ఈ షెడ్డు సంగతి చెప్పారు. డిసెంబరులో టోయింగ్ బండి మీద పద్మినిని అక్కడికి తీసుకెళ్ళాం.

మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. ఇద్దరు కుర్రాళ్ళు సాయం చేస్తారు. బండి దించగానే ఆయన తాళం అడగలేదు. పెట్రోలు మూత తీసి వాసన చూశారు. చక్రాల లోపల టార్చి వేసి చూశారు. ఆ తర్వాత నన్ను అడిగిన మొదటి మాట, "ఎన్నాళ్ళు ఒగ్గేసినారమ్మా?"

జరిగిందంతా చెప్పాను. స్టార్ట్ చేసి చూపించమంటారేమో అనుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం ఊపారు. "ఈరోజు స్టార్టు చెయ్యం. రేపు కూడా చెయ్యం. బండి తిరిగితే పాడవదమ్మా, నిలబడితేనే పాడైపోద్ది. నిలబడినదాన్ని ఒక్కసారిగా లేపితే ఇంకా పాడైపోద్ది" అన్నారు.

తర్వాత మూడు రోజులు నేను రోజూ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ఏం చేస్తున్నారో చూడనిచ్చారు, అడిగినదానికల్లా చెప్పారు. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజనాయిల్ పోసి రాత్రంతా వదిలేశారు. ఎక్కువకాలం ఆగిన ఇంజనులో సిలిండర్ గోడల మీది ఆయిల్ కిందికి జారిపోతుంది. అలాంటప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ రింగులు పొడి ఇనుము మీద రాసుకుంటాయి. మర్నాడు వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, టాప్ గేరులో పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పారు. ఇంజను ఎక్కడా పట్టకుండా తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోశారు. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొట్టి, డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరిపోయేదాకా చూశారు. ఆయిల్ పైదాకా ఎక్కిందని గుర్తు అది. ప్లగ్గులు బిగించింది ఆ తర్వాతే.

ట్యాంకు మొత్తం కిందికి దించారు. అందులోంచి వచ్చినదాని వాసన పెట్రోలులా లేదు, పాత వార్నిష్‌లా ఉంది. గులకరాళ్ళు వేసి ఊపి కడిగిస్తే ఎర్రటి నీళ్ళు వచ్చాయి. కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ఇనుప ట్యాంకు తుప్పు పడుతుంది, కార్బొరేటర్ లోహం తెల్లగా పొడి రాలుతుంది. 1984లో చేసిన రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అందుకే పెట్రోలు గొట్టాలన్నీ తీసేసి ఇథనాల్‌కు తట్టుకునే రకం వేశారు, డయాఫ్రమ్ మార్చారు. మెత్తబడిన పాత గొట్టం ముక్కను నా చేతికిచ్చి నలపమన్నారు. రొట్టెలా విరిగింది. బానెట్ కింద వేడి ఇంజను పక్కన ఆ గొట్టంలో పెట్రోలు పారుతూ ఉండేదన్నమాట. పాత కారు ఉన్నవాళ్ళు మిగతా ఏదైనా వాయిదా వేయండి గానీ పెట్రోలు గొట్టాలు మాత్రం ఈ వారమే చూపించండి.

అడుగు పని చూస్తే నాన్న గుర్తొచ్చారు. పాత నల్ల కోటింగు మొత్తం గీకేశారు. డ్రైవరు కాళ్ళ కింద రెండు జానల మేర రేకు పోయింది. అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగు చేశారు. వైరు బ్రష్షుతో తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక రంగు, దాని మీద పల్చగా కోటింగు. ఎండ సరిగ్గా లేని రోజు రంగు ముట్టుకోలేదు. డోర్ల కింద, గడప లోపల బోలుగా ఉండే చోట మైనం కలిసిన నూనె స్ప్రే చేశారు. ప్రతి డోరు అడుగునా వాన నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మా బండికి అవన్నీ మట్టితో, మొదటి చోట కొట్టిన కోటింగుతో మూసుకుపోయాయి. ఒక్కో రంధ్రం సన్నటి తీగతో పొడిచి తెరిచారు. ఆ తీగ ముక్కను నాకే ఇచ్చేశారు. వానాకాలం ముందు నేనే పొడుస్తున్నాను.

బ్రేకుల్లో నాలుగు చక్రాల సిలిండర్లూ పట్టేసి ఉన్నాయి. బ్రేకాయిల్ కూడా గాలిలోని తేమ పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలట. కిలోమీటర్లు చూసి సర్వీసు చేయించే అలవాటు మనది. ఏడాదికి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ లెక్క పనికిరాదు, కేలండరు చూడాలి. ఇంజనాయిల్ ఏడాదికోసారి. రేడియేటర్‌లో నాన్న కూడా మామూలు నీళ్ళే పోసేవారు. ఈ ఇంజనుకు బ్లాకు ఇనుముది, హెడ్డు అల్యూమినియంది. ఉత్త నీళ్ళుంటే రెండు లోహాల మధ్యా తినేయడం మొదలవుతుంది. చలికి నీళ్ళు గడ్డకట్టే ఊరు కాదు కదా, కూలెంట్ ఎందుకు అనుకునేదాన్ని. తుప్పు ఆపడానికి అని ఇక్కడే తెలిసింది.

స్పేర్ పార్టుల దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. కొన్ని చెన్నై పుదుపేట నుంచి, కొన్ని ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించారు. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. ఇరవై ఏళ్ళ గడువు తీరి, 2023 అక్టోబరు 30 నుంచి అక్కడి రోడ్ల మీద పద్మిని ట్యాక్సీలు ఆగిపోయాయి. ఆ మాట చెబుతూ మేస్త్రి గారు దిగులుపడ్డారు. ట్యాక్సీలు తిరిగినన్నాళ్ళూ రబ్బర్లు, వాషర్లు చేసేవాళ్ళు ఉన్నారని, ఇక మెల్లగా తగ్గుతారని ఆయన భయం. అందుకే డయాఫ్రమ్, ప్లగ్గులకు నిప్పు అందించే పాయింటు సెట్టు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, వీల్ సిలిండర్ కిట్లు ఒక్కో జత అదనంగా కొనిపించి, పేరు రాసి డబ్బాలో పెట్టి నాకిచ్చారు. అక్కర్లేనివి అంటగడుతున్నారేమో అని ఆ రోజు ఒక క్షణం అనుమానపడ్డాను. నిరుడు పాయింటు సెట్టు అవసరమైనప్పుడు ఆ డబ్బాలోదే పనికొచ్చింది.

రిపేరు అయ్యాక బండి ఇంటికి పంపుతూ, దాన్ని ఎలా నిలబెట్టాలో గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. ఇంతకుముందు ఏ సర్వీసు సెంటరులోనూ నాకు ఇలా ఎవరూ చెప్పలేదు.

హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయకూడదు. తడిగాలికి బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. షెడ్డు కుర్రాడు నాలుగు దిమ్మలు కోసి, రంగు కూడా వేసి ఇచ్చాడు. వారానికోసారి బండిని మూరెడు ముందుకో వెనక్కో జరిపితే టైరు ఒకే చోట అణగదు. జరిపినప్పుడే క్లచ్చు నాలుగైదుసార్లు తొక్కాలి, లేకపోతే క్లచ్ ప్లేటు అతుక్కుంటుంది. అద్దాలు వేలెడు దించి ఉంచాలి. లేదంటే రెక్సిన్ సీట్ల మీద బూజు వస్తుంది.

కవరు విషయంలో నేను పెద్ద పొరపాటే చేశాను. వాన తగలకూడదని మందపాటి ప్లాస్టిక్ కవరు కప్పి, తాళ్ళతో బిగించి కట్టేదాన్ని. నేల నుంచి లేచే ఆవిరి అందులోనే చిక్కుకుని, పొద్దున్న కవరెత్తితే బానెట్ మీద నీటి చుక్కలుండేవి. మేస్త్రి గారు దాన్ని తీయించేసి, లోపలివైపు మెత్తటి నూలు ఉండి గాలి ఆడే కవరు కుట్టించమన్నారు. పోర్టికో ఉంది కాబట్టి అది చాలు. దుమ్ము పట్టిన బండి మీద కవరు కప్పొద్దని కూడా చెప్పారు. గాలికి కవరు కదిలినప్పుడల్లా ఆ దుమ్మే గరుకు కాగితంలా రంగును గీస్తుంది.

బ్యాటరీకి ఆయన చెప్పిందే కొన్నాను. నిండుగా ఛార్జీ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 కంటే దిగి అలాగే ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జీ చేసినా పూర్తిగా ఎక్కదు. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగుతుంది, ఎండ ముదిరిన ఊళ్ళో ఇంకా త్వరగా దిగుతుంది. పాతకాలపు ఛార్జరు పెట్టి మరచిపోతే నీళ్ళు మరిగిపోయి బ్యాటరీ చెడుతుంది. అందుకని నిండాక తానే కరెంటు తగ్గించుకుని, పడిపోతే మళ్ళీ అందుకునే స్మార్ట్ ఛార్జరు తీసుకోమన్నారు. బ్యాటరీకి ఎప్పుడూ తగిలించి ఉండే చిన్న ప్లగ్గు బానెట్ ముందుకు లాగి పెట్టారు. గ్రిల్ దగ్గరే గుచ్చేస్తాను, బానెట్ ఎత్తే పని లేదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు మూసిన గదిలో పెట్టొద్దని హెచ్చరించారు. 2023 డిసెంబరులో వేసిన బ్యాటరీ ఈ రోజుకీ మొదటి మలుపులోనే ఇంజనును లేపుతోంది. అంతకుముందు నాన్న ఉన్నప్పుడు కూడా రెండేళ్ళకోసారి కొత్తది కొనేవాళ్ళం.

ఇక నడపడం. నేను అప్పటిదాకా ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి ఆపేయడం మంచిదనుకునేదాన్ని. అది మేలు చేయదని ఇక్కడ తెలిసింది. పెట్రోలు మండితే నీటి ఆవిరి వస్తుంది. ఇంజనూ, సైలెన్సరూ బాగా వేడెక్కేదాకా ఆ ఆవిరి బయటికి పోదు. కాసేపు తిప్పి ఆపితే ఆ నీళ్ళు ఆయిల్‌లో కలుస్తాయి, సైలెన్సరు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పది నిమిషాలు తిప్పే బదులు అసలు ముట్టుకోకపోవడమే నయమన్నారు. తీస్తే పదిహేను రోజులకోసారి, కనీసం ఇరవై కిలోమీటర్లు, నాలుగో గేరులో సాఫీగా వెళ్ళాలి.

నాకు బీచ్ రోడ్డు ఇష్టం. తెన్నేటి పార్కు దాటి రుషికొండ మీదుగా భీమిలి దాకా నాన్నతో ఎన్నిసార్లు వెళ్ళానో. మేస్త్రి గారు దానికి మాత్రం ఒప్పుకోలేదు. "సముద్రం పక్కన తిప్పి ఇంటికి తెచ్చి కవరేస్తే, ఉప్పు మూటగట్టి పెట్టినట్టేనమ్మా" అన్నారు. అందుకని హనుమంతవాక నుంచి హైవే మీద ఆనందపురం వెళ్ళి, అక్కడ పూలు కొనుక్కుని తిరిగొస్తాను. ఏడాదికి ఒక్కసారి, నాన్న పుట్టినరోజున భీమిలి వెళ్తాను. ఆ సాయంత్రమే అడుగంతా మంచినీళ్ళతో కడిగి, మర్నాడు ఎండలో ఆరబెట్టాకే కవరు కప్పుతాను.

పెట్రోలు తక్కువ పోయించి త్వరగా అయిపోయేలా చూసుకోవడం నా పద్ధతి, ఎప్పుడూ పది లీటర్లే. వానాకాలంలో నెలపాటు తీయలేననుకుంటే మాత్రం ట్యాంకు నిండా పోయిస్తాను. ఖాళీ జాగా ఎంత ఎక్కువుంటే లోపల అంత తేమ పడుతుంది.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఒక ఎలుక ఎయిర్ ఫిల్టరు డబ్బాలో కొబ్బరిపీచు, కాగితం ముక్కలతో గూడు కట్టింది. నయం, హెడ్‌లైటు వైర్లు కొరికి ఆగింది. షెడ్డులో ఆ వైర్లు మార్చి, ఎయిర్ ఫిల్టరు నోటికీ సైలెన్సరు చివరికీ తీసి పెట్టుకునేలా జాలీ చేసి ఇచ్చారు. జాలీ తీయకుండా స్టార్ట్ చేయకూడదని, దానికి కట్టిన ఎర్ర గుడ్డ పీలికను స్టీరింగుకు చుట్టేలా పొడుగ్గా వదిలారు. అది విప్పితే గానీ కూర్చోలేను. ఇంత చిన్న విషయంలో కూడా వాళ్ళు పెట్టిన బుర్రకు నేను మనస్ఫూర్తిగా దండం పెట్టాను.

2024లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి తప్పదు. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నుంచి వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది గానీ మా పద్మినికి ఇంకా ఆ వయసు రాలేదు. పైగా వింటేజ్ కింద నమోదైతే ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. మేస్త్రి గారు రెన్యువల్ పరీక్షకు వారం ముందే బండి పిలిపించి, కార్బొరేటర్ ట్యూన్ చేసి, పొల్యూషన్ చెక్ చేయించి, లైట్లు, హారన్, వైపర్లు అన్నీ సరిచూసి, తన కుర్రాణ్ణి నాతో పంపారు. మొదటిసారే పాసైంది. అప్పుడు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. ఈసారి కట్టాల్సినవాళ్ళు లెక్కలో పెట్టుకోండి.

ఖర్చు సంగతి. మొదటి పెద్ద పనికి, వెల్డింగు, రంగు, అదనపు భాగాలన్నీ కలిపి నాకు 68,000 అయింది. చిన్న మొత్తం కాదు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చెకప్పుకు 800 తీసుకుంటున్నారు. గ్రీజు, ఆయిల్ లెవెళ్ళు, పాయింట్లు శుభ్రం చేయడం, బ్రేకు సర్దడం, అడుగు టార్చి వేసి చూడటం అన్నీ అందులోనే. మార్చిన ప్రతి పాత భాగాన్నీ గుడ్డలో కట్టి చేతికిస్తారు. అడగకుండానే ఇస్తారు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటి పనికి నెల రోజులన్నారు, పదకొండు వారాలు పట్టింది. ఫోన్ పగలు ఎత్తరు, సాయంత్రం ఆరు తర్వాతే మాట్లాడతారు. బిల్లు నోటుపుస్తకం కాగితం మీద రాసిస్తారు, జీఎస్టీ బిల్లు కావాలనుకునేవాళ్ళకు కుదరదు. షెడ్డులో కప్పు కింద మూడు బండ్లకే చోటుంది. ఒకసారి మా బండి రెండు రాత్రులు మంచులో బయటే ఉంది. నాకు చాలా కష్టమనిపించి ఆ మాట చెప్పాను. అప్పటి నుంచి ముందురోజు ఫోన్ చేసి, లోపల చోటు ఖాళీ అయ్యాకే రమ్మంటున్నారు. ఆడవాళ్ళు కూర్చోవడానికి వేరే చోటు, బాత్రూమ్ లేవు. గంటలకొద్దీ ఉండాలంటే ఇబ్బందే. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన కొత్త కార్లు వాళ్ళు తీసుకోరు. ఫియట్లు, అంబాసిడర్లు, పాత జీపులే.

బండిని మెరిపించి పెళ్ళిళ్ళకు అద్దెకివ్వాలనుకునేవాళ్ళకు, వారంలో పని కావాలనుకునేవాళ్ళకు ఈ షెడ్డు నప్పదు. ఇంట్లో పెద్దవాళ్ళ బండి ఉంది, అమ్మబుద్ధి కాదు, తరచూ నడపలేం, కానీ నిలబడి చచ్చిపోకూడదు అనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. ఫోటోలో చూసి ధర చెప్పరు. బండి తీసుకెళ్ళలేకపోతే ఎన్నాళ్ళుగా ఆగి ఉందో, ఎక్కడ నిలిపారో, ట్యాంకులో ఎంత పెట్రోలుందో రాసుకుని వెళ్ళండి. ఆయన అడిగేవి అవే. అప్పటిదాకా మీరు సెల్ఫ్ ముట్టుకోకండి.

మా బండికి బ్రేకాయిల్ మార్చే గడువు ఈ నెలాఖరు. సాయంత్రం ఫోన్ చేశాను, శుక్రవారం పొద్దున్న చోటుంటుందన్నారు. గురువారం రాత్రే ఛార్జరు తీసేసి, జాలీలు విప్పి, దిమ్మలు డిక్కీలో పెట్టుకోవాలి.